891 సింహాలు, ఒకే నెత్తురు

2022 జూలైలో నూతన పార్లమెంటు భవనం శిఖరాన కంచు సింహాలను ఆవిష్కరించినప్పుడు ఈ రాజధానీ నగరంలో కొన్నాళ్ల పాటు వాటి నోళ్లను గురించి పెద్ద చర్చ జరిగింది. సారనాథ్ స్తంభం మీది అశోకుని సింహాలు ప్రశాంత గంభీరంగా ఉంటాయనీ, ఈ కొత్త సింహాలు కోరలు చూపి గర్జిస్తున్నాయనీ ప్రతిపక్షాల వారు ఆక్షేపించారు. కింద నిలబడి పైకి చూస్తే అలా కనిపిస్తుందే తప్ప రెండింటికీ భేదం లేదని ప్రభుత్వ పక్షం వారు సమాధానమిచ్చారు. ఆరున్నర మీటర్ల ఎత్తు, తొమ్మిదిన్నర వేల కిలోల బరువు గల కంచు విగ్రహం. దాని పెదవులు ఎంత మేరకు తెరుచుకోవాలన్న విషయం మీద ఎంతోమంది పెద్దలు అభిప్రాయాలు వెలిబుచ్చారు.

నోటి సంగతి అలా ఉంచి, ఆ మృగరాజు నెత్తురు సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. 1950 జనవరి 26న మనం రాజముద్రగా స్వీకరించిన ఆ జంతువు నేడు ఆసియా ఖండం మొత్తం మీద స్వేచ్ఛగా బతుకుతున్నది ఒకే దేశంలో, ఆ దేశంలోనూ ఒకే రాష్ట్రంలో, ఆ రాష్ట్రంలోనూ సౌరాష్ట్రమనే ఒక మూలలో. అక్కడ ఉన్నవన్నీ కొద్దిపాటి మూలపురుషుల సంతతి. ఒకదాని రక్తానికీ మరొకదాని రక్తానికీ ఉండవలసిన తేడా చాలా తక్కువగా ఉన్నదని శాస్త్రజ్ఞులు నలభై ఏళ్లుగా చెబుతున్నారు. ఆ మాట ఢిల్లీ దాకా వచ్చింది, సర్వోన్నత న్యాయస్థానం దాకా కూడా వెళ్లింది. అడవి దాకా మాత్రం ఇంకా చేరలేదు.

పార్లమెంటు వార్తలు రాసే వృత్తిలో ఉన్నవారికి సింహాల ప్రశ్న పాతదే. రాజ్యసభలో ఈ విషయమై తరచుగా ప్రశ్నలు వేసిన సభ్యుడు పరిమళ్ నత్వానీ. ఆయన గుజరాత్ వాసి, గిర్ సింహాల మీద పుస్తకాలు రాసిన వ్యక్తి. చిత్రమేమంటే 2020లో ఆయన ఎన్నికైనది ఆంధ్రప్రదేశ్ నుంచి. నర్మదానదికి దక్షిణాన సింహం తిరుగాడినట్లు చరిత్రలో నమ్మదగిన ఆధారం లేదు. మనకు సింహాచలం ఉన్నది, అహోబిలం ఉన్నది, సింహద్వారాలకూ సింహాసనాలకూ కొదవ లేదు. కాని మన అడవుల రాజు ఎప్పుడూ పులే. అలాంటి గడ్డ తరఫు ప్రతినిధి గిర్ సింహాల యోగక్షేమాలు విచారించడం మన రాజకీయాల వింతలలో ఒకటి అనుకోవాలి. అందువల్ల నష్టమేమీ లేదు, ఎవరో ఒకరు అడగడమే మేలు.

అడిగినప్పుడల్లా ప్రభుత్వం చెప్పే సమాధానంలో ప్రధానమైనది జనాభా లెక్క. ఆ లెక్క నిజంగానే సంతోషకరమైనది. 1968లో 177 సింహాలున్న చోట 2005లో 359, 2010లో 411, 2015లో 523, 2020లో 674 ఉన్నట్లు తేలింది. 2025 మే నెలలో జరిపిన లెక్కలో అవి 891కి చేరాయి. ప్రపంచంలో పెద్ద మాంసాహార జంతువులు ఎక్కడికక్కడ తరిగిపోతున్న రోజులలో ఒక రాష్ట్ర అటవీశాఖ, అక్కడి పల్లె ప్రజలు కలిసి సాధించిన ఈ విజయాన్ని తక్కువ చేసి మాట్లాడడం అన్యాయం. గిర్ అభయారణ్యం, జాతీయ ఉద్యానవనం కలిపి 1,412 చదరపు కిలోమీటర్లు. సింహాలు అందులో పట్టక ఎప్పుడో బయటికి వచ్చాయి. 2025 లెక్క ప్రకారం 384 మాత్రమే ఆ అరణ్యం లోపల ఉన్నాయి. తక్కిన 507 మామిడి తోటలలో, వేరుశనగ చేల గట్ల మీద, నదీతీరపు తుప్పలలో, సముద్రపు ఒడ్డున కాపురముంటున్నాయి. సుమారు 35,000 చదరపు కిలోమీటర్ల మేర అవి తిరుగుతున్నాయి. తమ పశువులను అప్పుడప్పుడు ఎత్తుకుపోయే జంతువును ఇంతగా ఓర్చుకున్న రైతులు, మాల్ధారీలనే పశుపోషకులు మరెక్కడైనా ఉన్నారా అన్నది సందేహమే.

కాని తలలు లెక్కపెడితే తెలిసేది తలల సంఖ్య మాత్రమే. నూరు బస్తాల ధాన్యం ఉన్నదంటే రైతు సంతోషిస్తాడు. ఆ నూరు బస్తాలూ ఒకే వంగడానివైతే, ఒకే తెగులుకు లొంగేవైతే, అవన్నీ ఒకే గాదెలో ఉంటే, ఆ సంతోషం వెనుక ఒక భయం కూడా ఉంటుంది. గిర్ సింహాల పరిస్థితి అదే.

ఈ జంతువు పుట్టుపూర్వోత్తరాలు కొంచెం చెప్పుకోవాలి. ఇంగ్లీషు సాహిత్యం చదువుకుని పత్రికలలో చేరిన నావంటి వారికి జన్యుశాస్త్రం వారి పరిభాష కొరుకుడు పడదు. అయినా 2020లో కొందరు శాస్త్రజ్ఞులు ప్రకటించిన ఒక పరిశోధన కథలా చదివించింది. వారు 20 సింహాల జన్యుపటాలను సంపూర్ణంగా చదివారు. అందులో బతికి ఉన్నవి కొన్ని; మ్యూజియములలో చర్మాలుగా, ఎముకలుగా మిగిలినవి కొన్ని; ఉత్తరాది మంచు నేలల్లో వేల ఏళ్లుగా గడ్డకట్టి ఉన్న గుహాసింహాలు రెండు. గుహాసింహాలూ నేటి సింహాల పూర్వీకులూ సుమారు అయిదు లక్షల ఏళ్ల క్రితమే దారులు వేరు చేసుకున్నాయట. నేటి సింహాలలో తిరిగి రెండు శాఖలు. అవి విడిపోయి సుమారు 70,000 ఏళ్లు. తూర్పు, దక్షిణాఫ్రికా సింహాలు ఒక శాఖ. ఉత్తరాఫ్రికా, పశ్చిమాఫ్రికా సింహాలు, మన గిర్ సింహం మరొక శాఖ. కెన్యా, టాంజానియాల నుంచి వచ్చే ఫొటోలలో మనం చూసే సింహం కన్న, ఎక్కడో సెనెగల్ అడవులలో దాగి ఉన్న సింహం మన గిర్ సింహానికి దగ్గరి జ్ఞాతి అన్నమాట. పశ్చిమాఫ్రికాలో ఆ జ్ఞాతులు మిగిలినవి సుమారు నాలుగు వందలని 2014లో ఒక అంచనా వెలువడింది. ఉత్తరాఫ్రికాలోని మరొక జ్ఞాతి, బార్బరీ సింహం, అడవిలో అంతరించింది. పిల్లి జాతులను వర్గీకరించే నిపుణులు 2017లోనే ఈ బంధుత్వాన్ని గుర్తించి, ఆసియా సింహాన్నీ పశ్చిమ, మధ్య ఆఫ్రికా సింహాలనూ ఒకే ఉపజాతి కింద చేర్చారు.

ఇక్కడ ఒక చిన్న పక్కమాట. సింహం అసలు ఈ దేశపు జంతువే కాదనీ, రాజులు విదేశాల నుంచి తెప్పించి వేటకోసం వదిలినవే అడవిలో మిగిలాయనీ 2013లో ఢిల్లీ ప్రముఖులు కొందరు ఒక పుస్తకమే రాశారు. ఇంపుగా వాదించారు. అయితే జన్యువుల సాక్ష్యం ఆ వాదాన్ని సమర్థించడం లేదు. పర్షియా మీదుగా తనంతట తాను నడిచి వచ్చిన ప్రాచీన వంశం ఇది. పంతొమ్మిదో శతాబ్దపు తొలినాళ్లలో ఈ ఢిల్లీకి కూతవేటు దూరాన, నేటి హర్యానా పొదలలో, విలియం ఫ్రేజర్ వంటి కంపెనీ దొరలు సింహాలను వేటాడేవారు. సింధు మొదలు నేటి ఝార్ఖండ్‌లోని పలామూ వరకు అది తిరిగేది. తుపాకి మెరుగుపడిన కొద్దీ సింహం తరిగింది. ఆ శతాబ్దం ముగిసేనాటికి భారతదేశంలో కాఠియవాడ్ ద్వీపకల్పం తప్ప దానికి నిలువ నీడ లేకపోయింది. ఇరాన్‌లో చివరి సింహాలు 1940లలో కనుమరుగైనాయి.

కాఠియవాడ్‌లో సింహం మిగలడానికి కారణం జునాగఢ్ నవాబులు. 1900లో వైస్రాయి కర్జన్ ప్రభువు జునాగఢ్ వచ్చినప్పుడు సింహాల వేట ఏర్పాటయింది. వాటి సంఖ్య ఎంత స్వల్పమో తెలుసుకున్న ఆయన తుపాకి పట్టక, కాపాడమని నవాబుకు సలహా చెప్పి వెళ్లాడు. వంగదేశాన్ని విభజించిన కర్జన్‌ను మెచ్చుకోవలసిన సందర్భాలు మనకు ఎక్కువగా దొరకవు, ఇది ఒకటి. అప్పట్లో గిర్ అడవిలో పన్నెండు సింహాలే మిగిలాయని కొందరు, ఇరవై అని కొందరు రాశారు. వేట ఆపించడానికి నవాబు కావాలనే తక్కువ చేసి చెప్పాడని అనుమానించిన వారూ ఉన్నారు. 1936 లెక్కలో 287 కనిపించాయి కాబట్టి ఆ అనుమానంలో కొంత పస ఉండవచ్చు. పన్నెండు కాకపోయినా, కొన్ని పదులకు మించి లేవన్నది మాత్రం విజ్ఞులు సాధారణంగా ఒప్పుకునే విషయం. చివరి నవాబు మహబత్ ఖాన్ కూడా సింహాలను శ్రద్ధగా కాపాడాడు. ఈయన కుక్కల పిచ్చి జగద్విదితం. వందల కొద్దీ కుక్కలను పోషించాడు. 1947లో రాజ్యం వదిలి పాకిస్తాన్‌కు విమానమెక్కినప్పుడు వాటిలో కొన్నింటిని వెంట తీసుకుపోయాడు. ఈ కుక్కల ప్రసక్తి ఉత్తపుణ్యానికి తేలేదు, మరికొంత సేపటిలో పాఠకులకే తెలుస్తుంది.

ఆ కొద్దిపాటి సింహాల సంతతి తమలో తాము కలుస్తూ వచ్చింది. మేనరికాల సంగతి తెలిసిన తెలుగువారికి ఇందులోని చిక్కును విడమరచి చెప్పనక్కరలేదు. ప్రతి జీవికీ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున ప్రతి జన్యువుకూ రెండేసి ప్రతులు ఉంటాయి. ఒక ప్రతిలో దోషముంటే రెండవది ఆదుకుంటుంది. తల్లిదండ్రులు దగ్గర రక్తసంబంధీకులైతే రెండు ప్రతులూ ఒకటే అయ్యే అవకాశం ఎక్కువ. దోషం కూడా రెండింటిలో ఒకటే కావచ్చు. మనుషులలో ఒకటి రెండు తరాల మేనరికానికే వైద్యులు హెచ్చరిస్తారు. గిర్ సింహాలకు తరతరాలుగా మరొక సంబంధమే లేదు.

అమెరికా శాస్త్రజ్ఞుడు స్టీఫెన్ ఒబ్రియన్, ఆయన సహచరులు 1980లలో జునాగఢ్‌లోని సక్కర్‌బాగ్ జూలో ఉన్న గిర్ సింహాల రక్తాన్ని పరీక్షించారు. పదుల సంఖ్యలో ప్రొటీన్లను పోల్చి చూడగా ఒక్కదానిలోనూ సింహానికీ సింహానికీ తేడా కనిపించలేదు. 1987లో ప్రకటించిన మరొక పరిశీలన మరింత కలవరం కలిగించింది. టాంజానియాలోని సెరెంగెటి మైదానపు సింహాలలో వికృతమైన శుక్రకణాలు నాలుగో వంతు ఉంటే, గిర్ సింహాలలో మూడింట రెండు వంతులు ఉన్నట్లు తేలింది. ఈ రెండింటికీ మధ్యన, సగానికి సగం వికృత కణాలతో, మూడో గుంపు ఒకటి నిలిచింది. అది సెరెంగెటికి పొరుగునే ఉన్న గోరోంగోరో అగ్నిపర్వత బిలంలోని సింహాల గుంపు. 1962లో అక్కడ కుట్టే ఈగలు విపరీతంగా పెరిగి సింహాలను పీల్చి పిప్పిచేశాయి. పది పన్నెండు మాత్రమే బతికాయి. బయటి నుంచి కొన్ని మగ సింహాలు వచ్చి చేరాయి. మళ్లీ నూరు దాకా పెరిగినా అవన్నీ కేవలం పదిహేను మూలజీవుల సంతతి. సంఖ్య కోలుకున్నది, నెత్తురు కోలుకోలేదు. గిర్‌లో జరిగినదానికి ఇది నమూనా వంటిది.

ఈ కథలో హైదరాబాదుకు గౌరవప్రదమైన పాత్ర ఉన్నది. ఉప్పల్ రోడ్డులోని సీసీఎంబీలో లాల్జీ సింగ్ బృందం 1990లలో మరింత సూక్ష్మమైన పద్ధతులతో డీఎన్‌ఏను పరీక్షించింది. గిర్ సింహాలలో వైవిధ్యం తక్కువే అయినా బొత్తిగా లేకపోలేదని వారు చూపారు. మ్యూజియముల నుంచి పాత పులిచర్మాలను తెప్పించి పరీక్షించి, వైవిధ్యం తక్కువగా కనిపించిన ప్రతిచోటా దానిని ఇటీవలి కాలపు రక్తసంబంధాలకే ఆపాదించరాదని కూడా వాదించారు. కుంగిపోనక్కరలేదు, అలాగని నిశ్చింతగా ఉండనూ రాదన్నది ఆ పరిశోధనల వల్ల నేను గ్రహించినది. 2020 నాటి జన్యుపటాల పరిశోధన కూడా, అన్ని సింహాలలోకీ ఆసియా సింహంలోనే వైవిధ్యం అత్యల్పమని, దాదాపు శూన్యమని తేల్చింది. అంటే నలభై ఏళ్లలో పనిముట్లు మారినా నిర్ణయం మారలేదు.

నెత్తురు పరీక్ష మరొక రహస్యాన్ని కూడా బయట పెట్టింది. అమెరికా జంతుప్రదర్శనశాలల వారు 1981 నుంచి ఆసియా సింహాలనుకుని ఎంతో శ్రమపడి పెంచుతున్న సంతతికి మూలమైన అయిదు సింహాలలో రెండు ఆఫ్రికావని 1987లో తేలింది. ఆ పథకం అంతటితో ఆగిపోయింది. మన దేశంలోనూ సర్కసుల వారు, కొన్ని జూల వారు రెండు జాతులనూ కలిపేశారు. 1998లో కేంద్రం సర్కసులలో సింహాల ఆట నిషేధించినప్పుడు, విశాఖపట్నం, తిరుపతి జూల దగ్గర నెలకొల్పిన సంరక్షణ కేంద్రాలకు చేరిన సింహాలలో అధిక సంఖ్యాకం ఇటువంటి సంకర సంతతివే. వాటిని గిర్‌కు పంపడానికి లేదు, సంతానాన్ని కననివ్వడానికీ లేదు. మన వాళ్లు వాటిని ముసలితనం వరకు మేపి సాగనంపారు. ఏదో ఒక కొత్త రక్తం కలిపితే సరిపోదా అని అడిగేవారికి సమాధానం ఇక్కడే ఉన్నది. కలిపిన తరువాత గిర్ సింహమనేది మిగలదు.

వైవిధ్యం లేకపోతే మాత్రం ఏమవుతుంది, 177 నుంచి 891 అయినాయి కదా అని గుజరాత్ మిత్రులు అడుగుతారు. సమంజసమైన ప్రశ్నే. మామూలు రోజులలో ఏమీ కాదు. ఊరిలో ఇళ్లన్నింటికీ ఒకే రకం తాళం వేసి ఉన్నా, దొంగ రానంత కాలం అందరూ సుఖంగానే నిద్రపోతారు. రోగాన్ని ఎదిరించే శక్తినిచ్చే జన్యువులు జీవికీ జీవికీ తేడాగా ఉంటే, కొత్త రోగం వచ్చినప్పుడు కొన్ని చచ్చినా కొన్ని మిగులుతాయి. అన్నింటిలో ఒకటే ఉంటే ఒక తాళంచెవి అన్ని తలుపులనూ తెరుస్తుంది.

ఆ దొంగ ఎలా వస్తుందో 1994లో సెరెంగెటి చూపింది. కనైన్ డిస్టెంపర్ అనే వైరస్ అక్కడి మూడు వేల సింహాలలో సుమారు వెయ్యింటిని కొన్ని నెలలలో పొట్టన పెట్టుకున్నది. అది కుక్కల జబ్బు. చుట్టుపక్కల పల్లెల కుక్కల నుంచి అడవికి సోకింది. అంతకుముందు సంవత్సరపు కరువులో నీరసించిన అడవిదున్నలకు పిడుదులు పట్టాయి. ఆ పిడుదుల ద్వారా బెబీసియా అనే రక్తపరాన్నజీవి సింహాలకు చేరింది. రెండు రోగాలూ కలిసి రావడంతో చావులు మితిమీరాయని శాస్త్రజ్ఞులు తరువాత తేల్చారు. ఒక మాట నిజాయితీగా ఒప్పుకోవాలి. సెరెంగెటి సింహాలలో జన్యు వైవిధ్యం పుష్కలం. అయినా మూడో వంతు పోయాయి. కాబట్టి వైవిధ్యమొక్కటే రక్షాకవచం కాదు. అయితే అక్కడ రెండు వేలు మిగిలాయి, మళ్లీ కొద్ది సంవత్సరాలలోనే సంఖ్య పుంజుకున్నది. వైవిధ్యమూ లేక, మిగిలేవీ ఎక్కువ లేక, దాయాదులు మరొక చోట లేని గిర్‌లో అదే జరిగితే?

2018 సెప్టెంబరులో ఆ ప్రశ్న గిర్ తలుపు తట్టింది. తూర్పు గిర్‌లోని దల్ఖానియా రేంజిలో మూడు వారాలలో 23 సింహాలు చనిపోయాయి. పరస్పరం పోట్లాడుకుని చచ్చాయని మొదట వివరణ వచ్చింది. చనిపోయిన సింహాలలో డిస్టెంపర్ వైరస్ ఉన్నట్లు తరువాత ప్రయోగశాలలు ధ్రువపరిచాయి. బెబీసియా కూడా కనిపించింది. సెరెంగెటిలో కలిసి వచ్చిన ఇద్దరు దొంగలే ఇక్కడికీ కలిసి వచ్చారు. చుట్టుపక్కల సింహాలను పట్టి వేరుగా ఉంచారు, అమెరికా నుంచి టీకా మందు తెప్పించి వేశారు. గండం గడిచింది. కుక్కలను ప్రాణప్రదంగా చూసుకున్న నవాబు సింహాలను కాపాడి వెళితే, డెబ్బయి ఏళ్లకు కుక్కల జబ్బే వాటి మీద పడడం విధి వైపరీత్యం అనుకోవాలి. 2021 మే నెలలో హైదరాబాదు నెహ్రూ జూలో ఎనిమిది ఆసియా సింహాలకు కోవిడ్ సోకినట్లు సీసీఎంబీ వారు కనిపెట్టిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. అవి కోలుకున్నాయి. మనిషికీ, అతని పెంపుడు జంతువులకూ పట్టే రోగం సింహానికి ఎంత దగ్గరలో ఉన్నదో అది తెలియజేసింది. పొలాలలో కాపురముండే 507 సింహాలకు ఊరకుక్కలు నిత్యం పొరుగువారే.

దీనికి విరుగుడు కొత్తది కాదు. సింహాలలో కొన్నింటిని తీసుకుపోయి దూరాన మరొక అడవిలో కాపురం పెట్టించడమే. 1957లోనే ఒక మగ, రెండు ఆడ సింహాలను కాశీకి సమీపాన చంద్రప్రభ అడవిలో వదిలారు. 1965 నాటికి అవి పదకొండు అయినాయి. తరువాత ఒకటీ కనిపించలేదు. ఏమైనాయో లెక్క చెప్పినవారు లేరు. అంతకుముందు గ్వాలియర్ మహారాజు మాధవరావు సింధియా ఆఫ్రికా నుంచి సింహాలను తెప్పించి షియోపూర్ అడవులలో వదిలితే, అవి పశువుల మీద, మనుషుల మీద పడి ప్రాణాలు పోగొట్టుకున్నాయి. ఈ అనుభవాలన్నీ దృష్టిలో పెట్టుకుని 1990లలో భారత వన్యప్రాణి సంస్థ వారు రాజస్థాన్, మధ్యప్రదేశ్ అడవులు గాలించి చివరకు ఆ షియోపూర్ జిల్లాలోని కూనోనే ఎంపిక చేశారు. 1998, 2003 సంవత్సరాల మధ్య 24 గ్రామాలను ఖాళీ చేయించారు. పదిహేను వందలకు పైగా కుటుంబాలు, అత్యధికులు సహరియా గిరిజనులు, సింహాలు వస్తాయంటే ఇళ్లూ పొలాలూ వదిలి వెళ్లారు.

గుజరాత్ సింహాలను ఇవ్వలేదు. కూనోలో మేతజంతువులు చాలవన్నది, పులులు వచ్చిపోతుంటాయన్నది, మధ్యప్రదేశ్‌లో వేటగాళ్ల బెడద ఎక్కువన్నది. 2009లో పన్నాలో పులులన్నీ మాయమైన ఉదంతం ఆ వాదానికి బలమిచ్చింది. సింహాలు తమ కుటుంబ సభ్యులన్నది. 2013 ఏప్రిల్ 15న న్యాయమూర్తులు కె. ఎస్. రాధాకృష్ణన్, చంద్రమౌళి కుమార్ ప్రసాద్‌ల ధర్మాసనం ఈ వాదనలను తోసిపుచ్చింది. అడవి జంతువులు ఏ రాష్ట్రపు సొత్తూ కావనీ, ఆ జాతి మేలు ఏదో అదే గీటురాయి అనీ చెప్పి, ఆరు నెలలలో తరలింపు ప్రారంభించాలన్నది. కూనోలో ఆఫ్రికా చీతాలను వదలాలన్న నిర్ణయాన్ని కూడా అదే తీర్పు కొట్టివేసింది. ఆరు నెలలు కాదు, పన్నెండేళ్లు దాటాయి. ఒక్క సింహమూ కూనో చేరలేదు. చీతాల విషయంలో 2020లో న్యాయస్థానమే ప్రయోగాత్మకంగా అనుమతి ఇచ్చింది. 2022 సెప్టెంబరులో నమీబియా నుంచి ఎనిమిది, 2023 ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికా నుంచి పన్నెండు విమానాలలో వచ్చి అక్కడ దిగాయి. ఖండాంతరం నుంచి చీతాలను తేగలిగిన మన యంత్రాంగానికి పొరుగు రాష్ట్రపు సరిహద్దు మాత్రం దాటరానిదైనది.

గుజరాత్ చూపుతున్న ప్రత్యామ్నాయం పోర్‌బందర్ దగ్గరి బర్డా అభయారణ్యం. 1879 తరువాత అక్కడ సింహం కనబడలేదట. 2023 జనవరిలో ఒక మగ సింహం తనంతట తాను నడిచి వెళ్లింది. 2025 లెక్కలో 17 ఉన్నాయి. ప్రధాని ఎర్రకోట నుంచి 2020లో ప్రకటించిన ప్రాజెక్టు లయన్‌కు 2,927 కోట్ల రూపాయలు కేటాయించారు. జునాగఢ్‌లో వన్యప్రాణుల వైద్యానికి జాతీయ కేంద్రం కూడా రానున్నది. ఇవన్నీ చేయవలసిన పనులే. అయితే బర్డా గిర్‌కు దాదాపు నూరు కిలోమీటర్ల దూరమే. సింహం నడిచిపోగల దూరం రోగానికి ఒక లెక్కలోనిది కాదు. ఒక గాదె ధాన్యాన్ని అదే పెరటిలోని మరొక గాదెకు మార్చినట్లున్నది.

కూనోకు తరలిస్తే జన్యు వైవిధ్యం పుట్టుకొస్తుందని ఎవరైనా చెబితే అది నిజం కాదు. పోయిన వైవిధ్యాన్ని తిరిగి తెచ్చే మంత్రం ఎవరి దగ్గరా లేదు. కొన్ని వేల తరాలు గడిస్తే కొత్తది పుడుతుందేమో, ప్రణాళికలు వేసేవారి లెక్కలోకి వచ్చే కాలం కాదది. ఉన్న కొంచెమూ ఒకే దెబ్బకు పోకుండా చూడడమే మనం చేయగలిగినది. అందుకు రెండు గుంపులు ఒకదాని గాలి మరొకదానికి సోకనంత దూరంలో ఉండాలి. ఎంపిక చేసి పంపే సింహాల రక్తాన్ని ముందుగా పరీక్షించి, ఉన్న తేడాలన్నీ రెండో చోటికి కూడా చేరేలా చూడాలి. ఆ పరీక్ష చేసే సామర్థ్యం హైదరాబాదు ప్రయోగశాలకు ఏనాటి నుంచో ఉన్నది.

2023, 2024 సంవత్సరాలలో 286 సింహాలు మరణించాయని గుజరాత్ ప్రభుత్వం 2025 మార్చిలో శాసనసభకు తెలియజేసింది. అందులో 58 అసహజ మరణాలు, పిట్టగోడ లేని బావులలో పడి, వాహనాల కింద పడి, ఇంకా ఇతర కారణాల వల్ల. మిగిలినవి సహజ మరణాలని లెక్క. వాటి రక్తంలో ఏమున్నదన్నది ఆ లెక్కలో ఉండదు. కూనోలో సహరియాలు వదిలి వెళ్లిన పొలాలు ఇప్పుడు నిలువెత్తు గడ్డి బీళ్లయినాయి. సింహాల కోసం ఖాళీ చేసిన ఆ బీళ్లలో చీతాలు లేళ్లను వేటాడుతున్నాయి.